మూసిన దర్వాజ, కాలిన దస్త్రం: జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల పాడుబడిన కట్టడాల్లో విఫలాన్వేషణల చరిత్ర

వ్యాససంగ్రహం

పాడుబడిన గడీలు, కోటలు, ఆలయాల లోపలికి వెళ్లి స్థానిక చరిత్రను వెలికితీయాలన్న ప్రయత్నాలు తెలంగాణలో చాలావరకు ఖాళీ గదుల వద్దే ఆగిపోయాయి. చరిత్ర రచనలో ఈ వైఫల్యాన్ని సాధారణంగా ఆధారాల కొరతగా పేర్కొని వదిలేస్తారు. ఆ ఖాళీ ఎలా ఏర్పడిందో తెలుసుకోవడమే చరిత్రకారుని మొదటి పని అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఇందుకు పూర్వపు వరంగల్ ప్రాంతంలోని మూడు జిల్లాల నుంచి మూడు రకాల ఖాళీలను పరిశీలిస్తుంది. జనగామలో ప్రజలు కాల్చిన దస్త్రం, మహబూబాబాద్‌లో ఇల్లు దాటి వెళ్లిన అక్షరం, భూపాలపల్లిలో నిధి వేటకు బలవుతున్న శిల్పం ఇందులోని ప్రధానాంశాలు.

కీలకపదాలు: గడి, వెట్టి, కడవెండి, సర్వాయి పాపన్న, ఇనుగుర్తి, బయ్యారం శాసనం, కోటగుళ్లు, గుప్తనిధులు, మౌఖిక చరిత్ర.

1. ఉపోద్ఘాతం

తెలంగాణ పల్లెల్లో పాడుబడిన కట్టడం గురించి రెండు మాటలు తరచూ వినిపిస్తాయి. లోపల నిధి ఉందన్నది ఒకటి. లోపలి నుంచి ఓరుగల్లు దాకా సొరంగం ఉందన్నది రెండోది. ఈ రెండింటినీ నమ్మి లోపలికి వెళ్లినవారు ఉన్నారు. వీటిని కొట్టిపారేసి, దస్త్రాలో శాసనాలో దొరుకుతాయన్న ఆశతో వెళ్లిన పరిశోధకులూ ఉన్నారు. ఈ ఇద్దరి ఆశయాలు వేరైనా అనుభవం మాత్రం ఒక్కటే. కూలిన కప్పు, ఊడదీసిన తలుపులు, గోడల్లో పెరిగిన రావి వేర్లు, తవ్వి వదిలేసిన గుంతలు ఇద్దరికీ ఎదురవుతాయి.

సొరంగం కథలకు కొంత వాస్తవ మూలం ఉండే అవకాశం ఉంది. ధాన్యాన్ని నేలలోపలి పాతరల్లో నిల్వచేయడం ఈ ప్రాంతపు పాత అలవాటు. పూడిపోయిన పాతర నోరు తర్వాతి తరానికి సొరంగ ద్వారంగా తోచడం సహజం. ఆ నోటిలో ఓరుగల్లు దారిని వెతికినవాడు విఫలుడవుతాడు. అదే చోట ఊరి ధాన్యం ఎవరి ఇంట చేరిందో వెతికినవానికి మాత్రం సమాధానం దొరుకుతుంది. అన్వేషణ విఫలమవడానికి కట్టడం ఎంత కారణమో, దానిని అడిగిన ప్రశ్న కూడా అంతే కారణం.

2. గోడ బయటి కథనం

ఒక కట్టడం లోపలికి వెళ్లలేకపోయినవారు రాసిన చరిత్రకు ఈ ప్రాంతంలో తొలి గట్టి ఉదాహరణ సర్వాయి పాపన్నది. జనగామ జిల్లా రఘునాథపల్లి మండలంలోని ఖిలాషాపురం కోట నేటికీ పాపన్న కోటగానే ప్రసిద్ధం. గీతవృత్తి కుటుంబంలో పుట్టి, 17వ శతాబ్ది చివరి నుంచి 1710 వరకు మొగలు అధికారాన్ని ధిక్కరించిన పాపన్న గురించి పారశీక చరిత్రకారుడు ఖాఫీఖాన్ తన ‘ముంతఖబుల్ లుబాబ్’లో వివరంగా రాశాడు. అది పాలకుల పక్షపు రచన. అందులో పాపన్న దారిదోపిడీగాడు.

ఆ కథనం ప్రకారం మొగలు అధికారి రుస్తుం దిల్ ఖాన్ పాపన్న స్థావరమైన షాపురం కోటను రెండు నెలలు ముట్టడించాడు. ముట్టడిదారులు లోపలికి వెళ్లేసరికి పాపన్న తప్పించుకున్నాడు. ఖాళీ కోటను మందుపాతరలతో పేల్చి సైన్యం వెనుదిరిగింది. ఆ తర్వాత పాపన్న తిరిగివచ్చి రాయీ సున్నంతో మరింత బలమైన కోటను కట్టించాడు. తర్వాతి ముట్టడి డబ్బు చేతులు మారడంతో ముగిసింది. 1708లో పాపన్న ఓరుగల్లును కొల్లగొట్టాడు. 1710లో పట్టుబడి మరణశిక్షకు గురయ్యాడు.

పారశీక గ్రంథంలో కోట ఎప్పుడూ బయటి నుంచే కనిపిస్తుంది. ఎంత సైన్యం చుట్టుముట్టింది, ఎన్నాళ్లు నిలిచింది, ఎంత సొమ్ము పట్టుబడింది అన్న వివరాలే అందులో ప్రధానం. కోట లోపల ఎవరున్నారు, వారు పాపన్నతో ఎందుకు నిలిచారు అన్న ప్రశ్నలకు అక్కడ జవాబు లేదు. ఆ జవాబు జానపద గాథలో ఉంది. జె.ఎఫ్. రిచర్డ్స్, వెల్చేరు నారాయణరావు 1980లో ప్రచురించిన వ్యాసంలో ఖాఫీఖాన్ కథనాన్నీ తెలుగు జానపద గాథనూ పక్కపక్కన పెట్టి చదివారు. ఒకే మనిషి ఒకచోట దొంగగా, మరోచోట వీరుడిగా ఎందుకు నిలిచాడో వివరించారు. కట్టడం నోరు మెదపని చోట పాటను సాక్ష్యంగా పిలవడం తెలుగు పరిశోధకునికి ఈ వ్యాసం నేర్పిన పద్ధతి.

3. కడవెండి: తెరుచుకోని దర్వాజ

ఖిలాషాపురం నుంచి కడవెండికి దూరం ఎక్కువ లేదు. కాలంలో మాత్రం రెండు శతాబ్దాలకు పైగా అంతరం ఉంది. నిజాం పాలన చివరి దశలో జనగామ తాలూకాలో విసునూరు దేశముఖు రాపాక వెంకట రామచంద్రారెడ్డి ఆధిపత్యం సాగింది. ఆయన అధీనంలో 40 గ్రామాల్లో 40,000 ఎకరాలు ఉండేవని పుచ్చలపల్లి సుందరయ్య నమోదు చేశారు. ఆ అధికారానికి రూపం గడి. దొర నివాసమే కచేరీగా, ధాన్యాగారంగా, శిక్షలు విధించే చోటుగా ఉండేది. ఊరివారు ఆ దర్వాజ దాటింది వెట్టి చేయడానికో, పిలుపు వస్తే చేతులు కట్టుకుని నిలబడడానికో మాత్రమే. ఊరందరికీ తెలిసిన కట్టడమైనా దాని లోపలి సంగతులు పనివాళ్లకు తప్ప ఎవరికీ తెలియవు.

కడవెండిలోని గడిలో దేశముఖు తల్లి జానమ్మ దొరసాని ఉండేది. 1946 జూలై 4న ఆంధ్ర మహాసభ కార్యకర్తలు, గ్రామస్థులు కర్రలు, వడిసెలలు చేతబట్టి ఊరేగింపు తీశారు. ఊరేగింపు గడి సమీపానికి చేరినప్పుడు దొర మనుషులు కాల్పులు జరిపారు. దొడ్డి కొమురయ్య నేలకొరిగాడు. ఆయన అన్న మల్లయ్య గాయపడ్డాడు. జనం గడిని చుట్టుముట్టారు. విసునూరు నుంచి వచ్చిన దేశముఖు మనుషులను తరిమికొట్టారు. పోలీసుల రాకతో ముట్టడి ముగిసింది.

ఆ రోజు దర్వాజ తెరుచుకోలేదు. కట్టడంలోకి ప్రవేశం అన్న కొలతతో చూస్తే అది విఫల ప్రయత్నమే. అయితే వెట్టికో విన్నపానికో తప్ప గడి ముందుకు రాని ఊరు ఆ రోజు తన ఇష్టంతో, గుంపుగా, నినాదంతో వచ్చింది. గడికి ఊరికి మధ్య ఉన్న భయపు గోడ ఇటుక గోడకన్నా ముందే కూలింది. కొమురయ్య మరణం తర్వాత ఉద్యమం ఊరూరా వ్యాపించి సాయుధ పోరాటంగా మారింది. భూస్వాములు గడీలు విడిచి హైదరాబాద్‌కు, పట్టణాలకు తరలిపోవడం మొదలైంది.

గడి పాడుబడడం ఒక్క రోజులో జరిగిన సంఘటన కాదని ఇక్కడ గుర్తించాలి. 1948 సెప్టెంబరులో భారత సైన్యం హైదరాబాద్ రాజ్యంలో ప్రవేశించిన తర్వాత పారిపోయిన దొరలలో పలువురు సైన్యం అండతో తిరిగివచ్చారు. 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు, 1950లో కౌలుదారీ చట్టం, 1951 అక్టోబరులో పోరాట విరమణ, 1973లో భూపరిమితి చట్టం ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. భూమి చేజారినకొద్దీ, వెట్టి ఆగినకొద్దీ అంత పెద్ద కట్టడాన్ని నిలబెట్టే ఆధారం పోయింది. ఏటా గోడలకు సున్నం వేసింది, కప్పు సర్దింది, పశువుల దొడ్డి ఊడ్చింది కూలి ముట్టని చేతులు. ఆ చేతులు ఆగిన నాటి నుంచి గడి కూలడం మొదలైంది.

4. కాలిన దస్త్రం

గడి లోపలికి వెళ్లిన పరిశోధకుడు ప్రధానంగా వెతికేవి కాగితాలు: అప్పు పత్రాలు, కౌలు లెక్కలు, ధాన్యం పద్దులు, వెట్టి వంతులు. ఇవి దొరికితే ఒక ఊరి ఆర్థిక చరిత్రను ఇంటింటి లెక్కతో రాయవచ్చు. సాధారణంగా ఇవి దొరకవు. చెదలు, వాన, తరలింపులు కొంత కారణం. అయితే పోరాట గ్రామాల్లో మరో కారణం కూడా ఉంది. దొరల ఇళ్లలోని అప్పు పత్రాలను, భూమి లెక్కలను జనం బయటికి తెచ్చి తగులబెట్టారు.

ఇది తెలంగాణకే పరిమితమైన ఆచరణ కాదు. 1789 జూలై, ఆగస్టు నెలల్లో ఫ్రాన్స్ రైతులు ప్రభువుల కోటలపై పడి తమ బాకీలు, పన్నులు రాసిన దస్త్రాలను వెతికి కాల్చారు. ఆ ఘట్టాన్ని జార్జ్ లెఫెవ్ర్ 1932లో తన గ్రంథంలో విశ్లేషించాడు. 1875 మే నెలలో పుణె, అహమ్మదునగర్ జిల్లాల రైతులు వడ్డీ వ్యాపారుల ఇళ్లలోని బాండ్లను స్వాధీనం చేసుకుని నాశనం చేశారు. రణజిత్ గుహ 1983లో వెలువరించిన తన గ్రంథంలో ఇటువంటి దహనాలను అధికార చిహ్నాలపై తెలిసి చేసిన దాడిగా చదివాడు. చదువురాని రైతు ఆ కాగితాన్ని చదవలేకపోయినా దాని శక్తి అతనికి తెలుసు. అందుకే నిప్పు ముందుగా కాగితానికి అంటుకుంది.

చరిత్రకారునికి ఇక్కడొక చిక్కు ఎదురవుతుంది. అతను ఏ కాగితం లేదని బాధపడుతున్నాడో, అది లేకుండా పోవడమే ఆ ఊరికి విముక్తి. అతని అన్వేషణ విఫలమైన చోట వెట్టివాని అన్వేషణ ఫలించింది. కాబట్టి “గడిలో ఆధారాలు లభించలేదు” అని ఒక సిద్ధాంత గ్రంథంలో రాసి ముగించడం అసంపూర్ణ వాక్యం. ఆ ఆధారాలు ఎవరు, ఎప్పుడు, ఏ కోపంతో తొలగించారో విచారించినప్పుడే ఆ వాక్యం పూర్తవుతుంది. ఖాళీ గది కూడా ఒక దస్త్రమే.

అయితే ఈ వాదానికి ఒక హద్దు ఉంది. కాలిన కాగితంలో దొర రాసిన బాకీలతో పాటు, వెట్టి చేసినవారి పేర్లు కూడా ఉండి ఉంటాయి. ఆ పేర్లు మరెక్కడా నమోదు కాలేదు. దహనం బాకీని రద్దు చేసింది గాని, ఆ మనుషుల చరిత్రను తిరిగి రాయలేదు. ఆ పని మౌఖిక సాక్ష్యాలదే. స్త్రీశక్తి సంఘటన 1986లో వెలువరించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల జ్ఞాపకాలను వారి మాటల్లోనే నమోదు చేసింది. పాలకుర్తి చాకలి ఐలమ్మ భూమి కోసం విసునూరు దేశముఖును ఎదిరించిన కథ నేడు అందరికీ తెలియడానికి ప్రజల జ్ఞాపకం, పాట, ఇటువంటి నమోదులు కారణం. గడిలో దొరికిన పత్రమేదీ ఇందుకు తోడ్పడలేదు.

5. మహబూబాబాద్: ఇల్లు దాటిన అక్షరం

జనగామలో కాగితం గడిలోనే ఉండిపోయి నశించింది. మహబూబాబాద్ జిల్లాలో ఇందుకు భిన్నమైన ఉదాహరణలు దొరుకుతాయి. ఇనుగుర్తిలో ఒద్దిరాజు సోదరులు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు 1922లో ‘తెనుగు పత్రిక’ వారపత్రికను ప్రారంభించారు. ఉర్దూ అధికార భాషగా ఉన్న రాజ్యంలో, ఒక మారుమూల పల్లెలో అచ్చుయంత్రం పెట్టి తెలుగు పత్రిక నడపడం అసాధారణమైన పని. ఆ యంత్రం ఉన్న చోటు ఈనాడు ఎలా ఉన్నా, అక్కడ జరిగిన పని చరిత్రలో నిలిచింది. అచ్చయిన కాగితం ఇంట్లో ఉండేందుకు పుట్టలేదు. అది ఊళ్లు దాటి పాఠకుల ఇళ్లకు చేరింది.

గడి లోపలి జీవితాన్ని కూడా ఈ జిల్లా అక్షరమే వెలుగులోకి తెచ్చింది. చిన్నగూడూరులో 1928లో జన్మించిన దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ నవలలో దొరతనాన్ని, వెట్టిని, గడిలో ఆడబాపల బతుకును చిత్రించారు. 1988లో బి. నరసింగరావు ‘దాసి’ చిత్రం ఆ చీకటి గదుల్లోకే కెమెరాను తీసుకువెళ్లింది. ఆడబాపకు దస్త్రంలో చోటు లేదు. ఆమె ఉన్న గది కూలిపోయింది. పరిశోధకుడు ఆ శిథిలంలో ఆమె జాడ వెతికితే దొరకదు. నవల కల్పన కాబట్టి దానిని నేరుగా సాక్ష్యంగా స్వీకరించలేం. అయినా ఏ గదిలో ఏ ప్రశ్న అడగాలో అది చెబుతుంది. తెలుగు సాహిత్య విద్యార్థి చరిత్రకు చేయగల సాయం ఇక్కడే ఉంది.

బయ్యారం చెరువు శాసనం మరో దిశలో ఆలోచింపజేస్తుంది. కాకతీయ గణపతిదేవుని సోదరి మైలాంబ తవ్వించిన చెరువుకు సంబంధించిన ఈ శాసనం కాకతీయుల వంశక్రమాన్ని వెన్నుని నుంచి వివరిస్తుంది. డా. పి.వి. పరబ్రహ్మశాస్త్రి దీనిని పరిష్కరించి, కాకతీయుల తొలి చరిత్ర నిర్మాణానికి వినియోగించారు. రాజుల కోటలు కూలినా చెరువు మిగిలింది. ఏటా నీరు నిండాలి, తూము తెరవాలి, కట్ట తెగకుండా చూసుకోవాలి. వాడుకలో ఉన్న కట్టడాన్ని ఊరు వదిలిపెట్టదు.

6. భూపాలపల్లి: నిధి వేట

1922వ సంవత్సరానికి మరో ప్రాముఖ్యం ఉంది. ఇనుగుర్తిలో పత్రిక మొదలైన ఆ ఏడే నిజాం రాజ్య పురావస్తుశాఖ సంచాలకుడు గులాం యాజ్దానీ పాలంపేట ఆలయాలపై రాసిన గ్రంథం ప్రచురితమైంది. ఆ శాఖ 1914లో ఏర్పడింది. రేచర్ల రుద్రుడు 1213లో నిర్మింపజేసిన రామప్ప ఆలయం పండితుల దృష్టికి వచ్చింది, మరమ్మతులు పొందింది, 2021లో ప్రపంచ వారసత్వ జాబితాకు ఎక్కింది. దానికి కొద్ది దూరంలోనే, నేటి జయశంకర్ భూపాలపల్లి జిల్లా గణపురంలో కోటగుళ్లు ఉన్నాయి. ఒకే ప్రాకారంలో ప్రధానాలయం చుట్టూ 20కి పైగా చిన్న ఆలయాలున్న కాకతీయుల కాలపు సముదాయం అది. దానికి రామప్పకు దక్కిన ఆదరణ దక్కలేదు. ఒకే కాలపు, ఒకే శిల్ప సంప్రదాయపు కట్టడాల్లో ఒకటి చదువబడింది, మరొకటి చాలాకాలం చెట్ల నీడన ఉండిపోయింది.

ఇటువంటి నిర్జన ఆలయాల్లో పరిశోధకుని కన్నా ముందు నిధి వేటగాడు చేరుతున్నాడు. అతని నమ్మకానికి ఆగమ సంప్రదాయంలో ఒక మూలం ఉంది. విగ్రహ ప్రతిష్ఠ సమయంలో పీఠం కింద నవరత్నాలు, లోహపు తునకలు, ధాన్యం నిక్షేపించడం శాస్త్రవిహితం. అవి సంకల్పానికి సరిపడే కొద్దిపాటి ద్రవ్యాలు. ఆ స్వల్ప నిక్షేపం జనశ్రుతిలో బంగారు బిందెలుగా పెరిగింది. ఫలితంగా లింగం పెకలించబడుతోంది, నంది పగులుతోంది, గర్భగుడి నేల గుంతగా మారుతోంది. వేటగాడికి బంగారం దొరకదు. కాని పునాది పొరలు ఒకసారి కలిసిపోతే కాలనిర్ణయం చేయవలసిన పురావస్తు శాస్త్రజ్ఞునికీ ఏమీ దొరకదు. కడవెండి వైఫల్యం ఊరిని నిలబెట్టింది. ఈ వైఫల్యం ఎవరినీ నిలబెట్టదు.

చట్టం ఈ పనిని అనుమతించదు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువ గల నిక్షేపం దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి. 2017లో తెలంగాణ తన సొంత వారసత్వ చట్టాన్ని చేసుకుంది. అయితే రక్షిత జాబితాలో చేరిన కట్టడానికే పురావస్తు చట్టపు పూర్తి రక్షణ ఉంటుంది. జాబితా వెలుపలి ఆలయం, ప్రైవేటు ఆస్తిగా మిగిలిన గడి ఈ నీడకు బయటే ఉంటాయి. గడి విషయంలో వారసుల పంపకాలు, యాజమాన్య తగాదాలు తోడై తాళం ఎవరి చేతిలో ఉందో తెలియని పరిస్థితి ఏర్పడుతుంది.

7. రికార్డుల చిరునామా

కట్టడం వద్ద విఫలమైన పరిశోధకుడు అభిలేఖాగారానికి వెళ్లినా మరో చోట దారి తప్పే ప్రమాదం ఉంది. నేటి జిల్లాల పేర్లతో వెతికితే పాత ఫైళ్లు కనిపించవు. సాయుధ పోరాట కాలంలో జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలో ఉండేది. అది వరంగల్‌లో చేరింది తర్వాతే. బయ్యారం, గార్ల మండలాలు 2016 అక్టోబరు 11 వరకు ఖమ్మం జిల్లావి. అదే రోజు ఏర్పడిన భూపాలపల్లి జిల్లా నుంచి 2019లో ములుగు విడిపోయింది. అందువల్ల 2016–2019 మధ్య రచనల్లో రామప్ప భూపాలపల్లి జిల్లాలో కనిపిస్తుంది.

సంవత్సరాల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. నిజాం రికార్డులు ఫసలీ సంవత్సరాల్లో ఉంటాయి. హైదరాబాద్ ఫసలీకి 590 కలిపితే క్రీస్తుశకం వస్తుంది. కాని ఆ ఏడు అక్టోబరులో మొదలవుతుంది. కాబట్టి 1946 జూలై నాటి కడవెండి ఘటన 1355 ఫసలీలో పడుతుంది. 1356లో వెతికినవానికి ఫైలు దొరకదు. సేత్వార్, 1954–55 కాస్రా పహాణీ వంటి రెవెన్యూ పత్రాలను గడి చుట్టూ ఉన్న సర్వే నంబర్లతో సరిపోల్చితే, కూలిన గోడ చెప్పలేని భూమి బదిలీలను అవి చెప్పగలవు. దొర ఇంటి దస్త్రం కాలినా సర్కారు నకలు మిగిలి ఉండే అవకాశం ఉంది.

8. ముగింపు

ఈ మూడు జిల్లాల ఉదాహరణల నుంచి కొన్ని నిర్ధారణలు చేయవచ్చు. పాడుబడిన కట్టడంలోని ఖాళీ ఒకే విధమైనది కాదు. విముక్తి కోసం ప్రజలు చేసిన ఖాళీ ఒకటి, అక్షరం బయటికి వెళ్లడం వల్ల ఏర్పడిన ఖాళీ మరొకటి, దురాశ తవ్విన ఖాళీ ఇంకొకటి. మొదటిదాన్ని గౌరవించాలి, రెండోదాని వెంట వెళ్లాలి, మూడోదాన్ని ఆపాలి. ఈ తేడా గమనించకుండా అన్నింటినీ ‘ఆధారాల కొరత’ అన్న ఒక్క మాట కింద చేర్చడం చరిత్ర రచనలో లోపం.

క్షేత్ర పర్యటనకు వెళ్లే పరిశోధక విద్యార్థి దర్వాజ మూసి ఉందని వెనుదిరగనవసరం లేదు. గడి ముఖద్వారం ఏ వాడ వైపు ఉంది, ఏ కులాల ఇళ్లు దానికి ఎంత దూరంలో ఉన్నాయి, వెట్టికి వచ్చినవారు ఏ దారిన వచ్చేవారు, గడి రాళ్లు, దూలాలు తర్వాత ఏ ఇళ్లకు చేరాయి అన్న వివరాలన్నీ గోడ బయటే నమోదు చేయవచ్చు. ఇందుకు తాళం చెవి అక్కరలేదు, కూలే కప్పు కిందికి వెళ్లి ప్రాణం మీదికి తెచ్చుకోనక్కరలేదు. కావలసింది ఊరి పెద్దలతో కూర్చునే ఓపిక.

ఆ ఓపికకు గడువు కూడా దగ్గరపడింది. 1946లో పదేళ్ల వయసున్నవారికి ఈనాడు తొంభై దాటింది. గడి గోడ మరో పదేళ్లు నిలవవచ్చు. దాని దర్వాజ ముందు నిలబడిన మనిషి జ్ఞాపకానికి అంత వ్యవధి లేదు. విశ్వవిద్యాలయ తెలుగు, చరిత్ర శాఖలు కలిసి ఈ మూడు జిల్లాల్లో గ్రామాలవారీగా మౌఖిక సాక్ష్యాల సేకరణ చేపట్టడం తక్షణావసరం. కట్టడాల పరిరక్షణకు నిధులు మంజూరయ్యేదాకా ఆగవలసిన పని కాదిది.